రాయలేదని చెప్పడానికి వచ్చిన మనిషి

ఆయనకు 'సరే' అనే మాట రాదు. ఏ పని చెప్పినా "విన్న" అనేవాడు. ఆ పని పూర్తయ్యాక "అయింది" అనేవాడు. ఈ రెండింటికీ మధ్య మనం ఎంత పోరు పెట్టినా ఆయన నోట్లోంచి ఇంకో మాట ఊడిపడేది కాదు. ఒకసారి నేను ఆయన కంప్యూటర్ దుకాణంలో ఉండగానే ఇంటి నుంచి ఆయన భార్య ఫోన్ చేసి కొత్తిమీర తెమ్మంది. "విన్న" అన్నాడు. "వినుడు కాదు, తెస్తవా తేవా?" అని ఆమె అరవడం నా దాకా వినిపించింది. "తెచ్చినంక చెప్త" అని పెట్టేశాడు. ఆమె స్థానంలో నేనుంటే ఆ ఫోన్ నేలకేసి కొట్టేదాన్ని.

పోయిన నెల ఒక ప్రింటు కోసం వెళ్తే షట్టర్ దించి ఉంది. షట్టర్ మీద ఆయన పాస్‌పోర్ట్ ఫోటోను పెద్దది చేసి అతికించారు, బంతిపూల దండ వేశారు. "గుండె ఆగింది మేడం. పది దినాలైంది, మీకు ఎరుక లేదా?" అన్నాడు పక్క జిరాక్స్ దుకాణం అతను. నాకు తెలియదు. నేనక్కడ ఏడవలేదు. ప్రింటు తీసే ఇంకో దుకాణం వెతుక్కుంటూ పోయాను.

ఆయన ఎంత చదివాడో, పిల్లలెందరో నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో కన్నడం మాట్లాడుకుంటారని, పని బీదర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడని మాత్రం తెలుసు. నారాయణఖేడ్ బస్టాండ్ ఎదురుగా, జిరాక్స్ దుకాణానికీ ఎరువుల దుకాణానికీ నడుమ ఇరికించినట్టు ఉండేది ఆయన గది. లోపల రెండు కంప్యూటర్లు, వాటి పక్కన మూత పెట్టిన టీ గ్లాసు, గోడకు దస్తీ. ఫైలు ఏదైనా సేవ్ చేసేటప్పుడు వరసగా మూడుసార్లు నొక్కేవాడు. మొదట్లో నాకది వింతగా ఉండేది.

"ఏందన్నా, గుడి చుట్టూ తిరిగినట్టు మూడుసార్లు?" అని ఎగతాళి చేశాను. నేను కల్హేర్ హైస్కూల్లో టీచర్ని. ఎగతాళి మా వృత్తిలో భాగం.

ఆయనకు ఎగతాళి ఎక్కదు. "మా ఉస్తాద్ చెప్పిండు మేడం. ఒక్కపారి కొడితే అది వింటది. రెండోపారి కొడితే మళ్ల వింటది. మూడోది కొట్టేటాల్లకు గింత టైం పడ్తది గదా, గా టైంల రాస్కుంటది."

కంప్యూటర్ మీద ఆయనకున్నంత అనుమానం నాకు మా అత్తగారి మీద కూడా లేదు. తెరమీద 'సేవ్ అయింది' అని వస్తే మనమందరం నమ్మేస్తాం. ఆయన నమ్మడు. ఎందుకు నమ్మడో ఒకరోజు నేను మార్కుల పట్టికలు టైపు చేయించుకుంటుంటే చెప్పాడు.

"అయింది అంటది సూడుండ్రి, గది అబద్ధం కాదు. అట్లని నిజం గూడ కాదు. మీరిచ్చింది తీస్కొని ముందుగాల తన తలకాయల పెట్టుకుంటది. డిస్కు మీద రాసుడు తర్వాత, తీరికైనప్పుడు. గప్పుడు డిస్కు ఖరాబుండి రాయనీకి రాలేదనుకో, ఎవరికి చెప్పాలె? మీరు ఫైలు బంద్ చేసి ఇంటికి పోతిరి."

"మళ్ళీ తెరిచి అడిగితే చెప్పదా?"

"చెప్తది. అంత రాసినవా అని గట్టిగ అడిగినోనికి ఒక్కపారి చెప్తది, రాయలె అని. ఒక్కటే పారి. రెండోపారి అడిగితే అంత బరాబర్ ఉన్నది అంటది."

"అదెక్కడి న్యాయం?"

"చెప్పేది చెప్పిన, వినకపోతే నాకేం సంబంధం అంటది." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో నిజంగానే కోపం కనిపించింది. "ఆఫీసుల అర్జీ ఇస్తే ఇన్‌వర్డ్ ముద్ర ఏసిస్తరు. ముద్ర పడ్డదంటే పని అయినట్టేనా మేడం?"

ఈ ఊళ్ళో ఆ పోలిక అర్థం కానివాళ్ళు ఉండరు. నాక్కూడా వెంటనే అర్థమైంది. అర్థం కావడం వేరు, ఆ ప్రకారం నడుచుకోవడం వేరు అని తర్వాత తెలిసింది.

అందుకని ఆయన ఏది కాపీ చేసినా ఆ పెన్‌డ్రైవ్‌ను లోపలి నుంచి పద్ధతి ప్రకారం విడిపించి, చేత్తో ఊడదీసి, మళ్ళీ పెట్టి, ఒక్కొక్క ఫైలూ తెరిచి చూసేవాడు. తలకాయలో ఉన్నది కాకుండా డిస్కు మీద ఉన్నదే చదవాలని ఆ తంతు. ఈ తనిఖీకి ఆయన పెట్టుకున్న పేరు 'చదువుడు'. పాట అయితే మొత్తం వినేవాడు, పెళ్ళి వీడియో అయితే పీటల నుంచి అప్పగింతల దాకా చూసేవాడు. బస్టాండ్ ఎదురుగా దుకాణం పెట్టుకున్నవాడు ఈ పని చేస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. గిరాకీలంతా ఒక కన్ను బస్సు మీద పెట్టుకుని వచ్చేవాళ్ళే. అటు డ్రైవర్ హారన్ కొట్టగానే ఇటు చెయ్యి పెన్‌డ్రైవ్ మీదికి పోయేది. ఈ ఊళ్ళో పెన్‌డ్రైవ్‌లు చెడిపోయేది వేడికీ, దుమ్ముకూ కాదు, బస్సు హారన్‌కు.

ఒకసారి కల్హేర్ పెద్దమనిషి ఒకాయన అట్లాగే చెయ్యి చాచాడు. ఈయన ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఇంక రాస్తుంది. ఆగు."

"బస్సు పోతున్నదయ్యా! కాపీ అయిందని చూపెట్టింది గదా!"

"బస్సు మళ్ల వస్తది. గిది రాదు."

బస్సు పోయింది. పెద్దమనిషి ఈయన్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఎండలో కూర్చున్నాడు. పావుగంట తర్వాత ఈయన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "అయింది" అన్నాడు. క్షమించమనలేదు. ఏమైనా పోయినప్పుడూ అంతే. "పోయింది" అని మొహం మీదే చెప్పేవాడు. చెప్పడానికి ముందు గొంతు సవరించుకోవడం, నీళ్ళు తాగించడం, దేవుడి మీద వేయడం లేవు. అందుకే చాలామందికి ఆయనంటే పడేది కాదు. నాకూ పెద్దగా పడేది కాదు, దగ్గర్లో ఇంకో దుకాణం లేక వెళ్ళేదాన్ని.

నాలుగేళ్ళ కిందట మా అమ్మ గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో డాక్టర్ పరీక్షలన్నీ చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం ఉండదు అన్నాడు. ఆపరేషన్‌కు వారం గడువు. అమ్మది నాగల్‌గిద్ద వైపు పల్లె. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. సంతకానికి పైన నాలుగు మాటలు రాయగలదు, అంతే. రాసి చెప్పే మనిషి కాదు, నోటితో బతికిన మనిషి. నేను ఫోన్ ముందు పెట్టి రోజూ కాసేపు మాట్లాడించాను. మొదట సిగ్గుపడింది, తర్వాత తన చిన్నప్పటి ముచ్చట్లు, జొన్న చేలలో పాటలు, తన అత్త పెట్టిన ఆరళ్ళు అన్నీ చెప్పింది. అట్లా నాలుగు రికార్డులయ్యాయి.

అయిదో రోజు పొద్దున తనే ఫోన్ అడిగి తీసుకుంది. "నువ్వు బయటికి పో. నువ్వు ఎదురుంగ ఉంటే నాకు చెప్పనీకి రాదు. ఆపరేషన్ అయినంక వినుకో" అంది.

నాకు ఏడేళ్ళప్పుడు నాన్న పోయాడు. ఆ నెలలోనే అమ్మ నన్ను హాస్టల్లో వేసింది. పదో తరగతి దాకా అక్కడే ఉన్నాను. ఎందుకు వేసిందని నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మా ఇద్దరి మధ్యా ఉన్న ముల్లు అదొక్కటే. తలుపు దగ్గరికి వేస్తుంటే ఆమె "పుట్టీ" అని మొదలుపెట్టడం వినిపించింది. చిన్నప్పుడు నన్ను పిలిచే పేరది. హాస్టల్లో వేశాక మళ్ళీ ఆ పేరుతో పిలవలేదు. నేను తలుపు పూర్తిగా వేసి వంటింట్లోకి వెళ్ళాను. ముప్పావుగంట తర్వాత అమ్మ తలుపు తీసింది, మొహం కడుక్కుని ఉంది.

ఆ పొద్దునే హైదరాబాద్ ప్రయాణం. అమ్మను బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి, ఫోన్ పట్టుకుని ఆయన దుకాణానికి పరిగెత్తాను. అయిదు రికార్డులూ ఆయన డిస్కులోకి తీయమన్నాను. "ఆఖరిది నేను గూడ వినలేదన్నా, పదిలం" అన్నాను. ఏ దవాఖాన, ఎప్పుడు ఆపరేషన్, నా ఫోన్ నంబరు, అన్నీ అడక్కుండానే చెప్పాను. "విన్న" అన్నాడు.

తెరమీద గీత నిండింది. కాపీ అయిందని వచ్చింది. నా ఫోన్‌లో జాగా లేదు. దవాఖానలో రిపోర్టులు ఫోటో తీయాలి. నేను అక్కడే నిలబడి అయిదు రికార్డులూ తీసేయడం మొదలుపెట్టాను.

"ఆగుండ్రి మేడం. నేనింక చదవలె."

"కాపీ అయిందని వచ్చె గదన్నా! బస్సు కదుల్తుంది!"

తీసేసినవి వెళ్ళి పడే చెత్తబుట్టను కూడా ఖాళీ చేశాను. పిల్లలు లెక్క సరిచూసుకోకుండా పేపరిస్తే నెత్తిన మొట్టికాయ వేసే టీచర్ని నేను. ఆయన ఇంకేదో అంటుండగానే రోడ్డు దాటేశాను.

దవాఖానలో అమ్మను చేర్పించేసరికి మధ్యాహ్నమైంది. ఏదో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఏ కంపెనీ వాళ్ళోనని కట్ చేశాను. మళ్ళీ వస్తే మళ్ళీ కట్ చేశాను. మూడోసారి విసుక్కుంటూ కట్ చేశాను.

సాయంత్రం నాలుగున్నరకు వార్డు గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. చంకలో దస్తీలో చుట్టిన డిస్కు, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. పండగకు కూడా షట్టర్ దించని మనిషి మూడు గంటలకు పైగా బస్సులో కూర్చుని వచ్చాడు.

"ఆఖరిది రాయలె మేడం" అన్నాడు.

నేను బయటికి వచ్చాను. "అంటే?"

"నాలుగు మంచిగున్నయి. ఆఖరిదానికి పేరున్నది, లోపల ఏం లేదు. రాస్తుంటే డిస్కు చేతులెత్తేసింది. నాకు అయింది అనే చెప్పింది. ఊడదీసి పెట్టి చదివితే దొరికింది."

నేను కారిడార్‌లోనే ఆయన మీద విరుచుకుపడ్డాను. ఖరాబు డిస్కు ఎందుకు పెట్టుకున్నావన్నాను, ఇంకా చాలా అన్నాను. నర్సు వచ్చి నన్ను కసిరింది. ఆయన అంతా విన్నాడు. నన్ను ఆగమన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

"గీ మాట ఫోన్ చేసి చెప్పొద్దా!" అన్నాను.

"చేసిన. మూడుపార్లు. మీరు కట్ చేసిన్రు."

ఫోన్ తీసి చూశాను. నంబరు వరసగా మూడుసార్లు ఉంది. ఆయన అప్పటికీ గొంతు పెంచలేదు. "రేపు పొద్దుగాల దాక టైం ఉన్నది గదా మేడం. అమ్మకు చెప్పుండ్రి. మళ్ల చెప్తది. రేపటెన్క చెప్పాలన్నా చెప్పనీకి రాదు."

"వద్దు. బీపీ పెరిగితే ఆపరేషన్ ఆపేస్తరు."

అది సగం నిజం. అమ్మ అంత కష్టపడి చెప్పినదాన్ని బస్సు కోసం నా చేత్తో తుడిచేశానని ఆమెకు తెలియడం నాకు ఇష్టం లేదు. అసలు కారణం అదే. ఆయన నా మొహం చూశాడు. అది ఆయనకు తెలిసిపోయిందనే అనుకుంటాను.

లోపలికి వచ్చి అమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరప్పా నువ్వు అని అమ్మ కన్నడంలో అడిగింది. ఆయన కన్నడంలోనే జవాబు చెప్పాడు. అంతే, రేపు గొంతు కోయించుకోబోయే మనిషి లేచి కూర్చుంది. "ఊట ఆయ్తేనప్పా?" అని మొదలుపెట్టింది. ఆయన పొద్దుటి నుంచి ఏమీ తినలేదన్నాడు. తినకుండా ఇంత దూరం వస్తారా అని ఆయన్ని చెడామడా తిట్టి, నా చేత రొట్టెల డబ్బా విప్పించింది. నేను ఫోన్‌లో రికార్డు నొక్కి తలగడ పక్కన పెట్టాను. ఆయన రొట్టె తుంచుకుంటూ ఒక్కొక్క ప్రశ్నా అడిగాడు. దుకాణంలో కంప్యూటర్ సంగతి తప్ప రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడని మనిషి నలభై నిమిషాలు మా అమ్మను మాట్లాడించాడు.

చివరికి తెలుగులో, నాకు కూడా వినిపించేట్టు అడిగాడు. "మీ బిడ్డకేమన్న చెప్పేదున్నదా అమ్మా?"

అమ్మ నవ్వింది. "దానికి చెప్పేదంత పొద్దుగాల్నే చెప్పిన. దాని కాడ ఉన్నది."

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. రికార్డులో అక్కడ ఏమీ వినిపించదు. ఫ్యాను చప్పుడు, దూరంగా ఎవరో దగ్గడం. ఆయన నేను చెబుతానని ఎదురుచూస్తున్నాడు. నేను అమ్మ దుప్పటి సర్దాను.

ఆ తర్వాత ఆయన రికార్డును ల్యాప్‌టాప్‌లోకి, రెండు పెన్‌డ్రైవ్‌లలోకి తీశాడు. కారిడార్ మెట్ల మీద కూర్చుని, ఊడదీసి, మళ్ళీ పెట్టి, చెవుల్లో వైర్లు పెట్టుకుని మొత్తం విన్నాడు. పాత నాలుగూ, ఈ కొత్తదీ ఉన్న పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి "అయింది" అన్నాడు. బస్సుకు వెళ్ళిపోయాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. చాలాకాలం ఆయన మీద కోపంగానే ఉండేది.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ పలక పట్టుకుని ఇంటికి వచ్చింది. నెల తిరిగాక ఒకరోజు పలక మీద 'విన్నవా' అని రాసి నా ముందు పెట్టింది. నేను తల ఊపాను. ఆమె నా చెంప మీద చెయ్యి వేసి, చాలాసేపు అట్లాగే ఉంచింది. నా బతుకులో నేను ఆడిన అబద్ధాలన్నింటిలో అంత సుఖంగా ఆడినది, అంత సిగ్గుమాలినది ఇంకోటి లేదు.

దుకాణంలో ఆయన ఒకే ఒక్కసారి ఆ సంగతి ఎత్తాడు. "అమ్మకు చెప్పిన్రా మేడం?"

"చెప్తనన్నా."

"విన్న" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేను మార్కుల పట్టికలు తీసుకెళ్ళేదాన్ని, ఆయన మూడుసార్లు నొక్కేవాడు.

షట్టర్ మీద దండ చూసి వచ్చిన రోజు సాయంత్రం అమ్మకు చెప్పాను, ఆయన పోయాడని. ముందు ఆమెకు ఎవరో తట్టలేదు. దవాఖానకు వచ్చి రొట్టె తిన్నాయన అన్నాను. అమ్మ పలక తీసుకుంది. 'ఆయన మాటలున్నయి గదా. పెట్టు' అని రాసింది. ఈ నాలుగేళ్ళలో తన గొంతు తాను వినడానికి ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు. రికార్డు పెట్టాను. తన గొంతు వస్తున్నప్పుడు ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టు కూర్చుంది. ఆయన మాట వచ్చినప్పుడల్లా ఫోన్ దగ్గరికి వంగింది. ఆయన తినలేదన్న చోట తల కొట్టుకుంది, కళ్ళు తుడుచుకుంది.

చివరి ప్రశ్న వచ్చింది. అమ్మ జవాబు వచ్చింది. ఫ్యాను చప్పుడు వచ్చింది. రికార్డు అయిపోయింది. అమ్మ పలక తుడిచి రాసి, నా వైపు తిప్పింది. 'ఇప్పుడు నీకు చెప్పింది పెట్టు.'

తప్పించుకునే దారి ఉందేమోనని ఒక్క నిమిషం వెతికాను. చార్జింగ్ లేదని చెప్పొచ్చు, ఫోన్ పాడైందని చెప్పొచ్చు.

"లేదమ్మా" అన్నాను. "ఆ పొద్దుననే పోయింది. నేనే తీసేసిన. గాయన నాకు చెప్పనీకే అంత దూరం వచ్చిండు. నేను నీకు చెప్పలేదు. వినలేదు, విన్నానని చెప్పిన."

తిడుతుందనుకున్నాను, తిట్టడానికి గొంతు లేదని గుర్తొచ్చి ఇంకా భయమేసింది. పలక ఆమె ముందుకు జరిపాను. పక్కన పెట్టేసింది. నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. పెదాలు రెండూ కలిసి విడిపోయాయి. పుట్టీ. అది తెలిసింది.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. పెదాలు ఆడుతూనే ఉన్నాయి, చేతులు ఊగుతున్నాయి, మధ్యలో ఒకచోట నవ్వింది, ఒకచోట నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముప్పావుగంట చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆపమనలేదు, రాయమనలేదు, కూర్చుని చూశాను.